పన్నెండు ఎర్ర చీటీలు

సోమవారం పొద్దున మెట్టుగూడలో ఆటో ఎక్కిన హదస్సా చేతిసంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఇత్తడి గుండొకటి ఉంది. మేస్త్రీలు దారం కట్టి వేలాడదీసి, గోడ నిటారుగా లేచిందా లేదా అని చూసుకునే గుండు.

ఆమె కరెంటు ఆఫీసులో మీటర్లు పరీక్షించే ఉద్యోగం ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరైంది. మూతపడ్డ పాత పవర్‌హౌస్ మీటర్లలో పనిచేసేవాటిని ఏరి గోడకు ప్రదర్శనగా పెడదామని ఆఫీసువాళ్లు ఆమెకు కబురు చేశారు. మిగతావి సోమవారమే తుక్కు లారీ ఎక్కుతాయి. అంతకుముందు శుక్రవారం స్టోరులో వందేళ్లనాటి నల్ల వోల్టుమీటరు ఒకదాని మీద ఎర్ర చీటీ కనిపించింది. "పనికిరాదు" అని ఉంది. కింద సంతకం తనదే, ఉద్యోగంలో చేరిన ఏడాదిది.

వెనక మూత విప్పింది. ముల్లును సున్నాకు లాగే స్ప్రింగు లేదు, చిన్న బరువు ఉంది. మీటరు నిటారుగా ఉంటేనే ఆ బరువు పనిచేస్తుంది. పడుకోబెడితే ముల్లు ఎటు పడితే అటు పోతుంది. ఆనాడు హదస్సా అన్నిటినీ బల్ల మీద పడుకోబెట్టే చూసింది. ఇవాళ సరిచేయకపోతే ఆ తప్పు తీర్పే ఖాయం.

ఆమె స్టోరుకు చేరగానే, అక్కడి పని చూసే లక్ష్మణ్ గుండును చూసి నవ్వాడు.

"ఏంది మేడం, రిటైరైనంక మేస్త్రీ పని షురూ చేసిన్రా?"

"నవ్వింది చాలు గానీ, గోడకు రెండు స్క్రూలు బిగించు."

"బయట లారీ నింపుతున్నరు. అయినా పనికిరాదని రాసింది మీరే కదా?"

"నేనే. తప్పు రాశాను."

లక్ష్మణ్ డ్రిల్లు తెచ్చి మీటరును గోడకు బిగించాడు. గుండు వదిలి చూస్తే మీటరు ఎడమకు ఒరిగింది. స్క్రూ విప్పించింది. మళ్లీ ఒరిగింది. మళ్లీ విప్పించింది. మూడోసారి దారం, మీటరు అంచు ఒక్కటయ్యాయి. తీగలు కలిపి స్విచ్ వేసింది.

ముల్లు కదల్లేదు.

బయట లారీ హారన్ కొట్టింది. హదస్సా గోటితో అద్దం మీద రెండుసార్లు తట్టింది. ముల్లు ఉలిక్కిపడి లేచి, ఊగి ఊగి ఆగింది. పక్కన పెట్టిన కొత్త మీటరులో 231. పాతదాంట్లో 228.

"మూడు తక్కువ," అన్నాడు లక్ష్మణ్.

"నీకు వందేళ్లు రానీ, నువ్వెంత తక్కువ చూపిస్తావో చూద్దాం."

చీటీ మీది మాట కొట్టేసి, "నిటారుగా ఉంచితే పనిచేస్తుంది" అని రాసి, కింద సంతకం, తేదీ వేసింది.

"నా సంతకంతో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?"

"పదకొండు. అన్ని లారీ ఎక్కినయ్ మేడం."

"దింపించు. ఇంకో ఇరవై రెండు స్క్రూలు కావాలి."