బోర్డు మీది నోరు

రేవులో అందరూ అతన్ని కుంచె మామ అంటారు. పడవల మీది పేర్లు, కొట్ల బోర్డులు, ఒడ్డున హెచ్చరికలు, అన్నీ అతని చేతి రాతే.

ఇరవై ఏళ్ల కిందట రేవు కార్యాలయం వాళ్లు ఈతగాళ్ల కోసం ‘సొరచేపలున్నాయి, జాగ్రత్త’ అని రాయించారు. బొమ్మ కూడా వేయమన్నారు. మామ నోరు తెరిచిన సొరను ఎన్నడూ చూడలేదు. నిచ్చెన కింద ఓ కుక్క ఆవలిస్తోంది. దాని పళ్లు చూసి వేశాడు. చాలవనిపించి మరో వరస కలిపాడు. నోటినిండా ఎరుపు పోశాడు.

అతని భార్య చేపలు కోసే షెడ్డులో పనిచేస్తుంది. వచ్చి చూసి ఒకటే నవ్వు.

“సొరని వెయ్యమంటే వీధికుక్కకి ఈత నేర్పావేంటయ్యా?”

“జనం భయపడాలి గదే!”

భయపడ్డారు. అన్నం తినని పిల్లలకు ఆ నోరే చూపించేవారు. వలలో పడ్డ సొరను కర్రతో కొట్టి చంపాకే పడవలోకి లాగేవారు. రెక్కలకు గిరాకీ ఎలాగూ ఉంది, జాలి అడ్డం రాలేదు. ఒకప్పుడు షెడ్డులో సొర తోక పట్టక కోతబల్ల చివర ఇంకో పలక తగిలించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ పెద్ద సొరలు కరువై, ఆ పలకతో పని లేకుండా పోయింది. భార్య దాన్ని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు దాని మీద మామ రంగుడబ్బాలుంటాయి.

ఈ మధ్య మళ్లీ కార్యాలయం నుంచి కబురొచ్చింది. వచ్చే నెల నుంచి సొరల వేట నిషేధం, పాత బోర్డు మీదే ఆ మాట రాయాలి. మామ తెల్లరంగు రెండు పూతలు వేసి, ‘సొరలను పట్టరాదు’ అని నీలంతో రాశాడు. మూడో రోజుకు తెలుపులోంచి ఎరుపు పైకి ఊరింది. అక్షరాల వెనక మళ్లీ అదే నోరు. మధ్యలో వెండిరంగు పూత వేయకపోతే ఎరుపు ఆగదని అతనికి తెలుసు. తొందరలో మరిచాడు.

పడవ నడిపే బావమరిది చూసి పడీపడీ నవ్వాడు.

“బావా, నీ కుక్క మళ్లీ లేచింది! మనిషిని మింగుతుందని నువ్వే చెప్పి, ఇప్పుడు వదిలెయ్యమంటే ఎవడు వదుల్తాడు? నేనైతే వదలను.”

మామ తలెత్తి బోర్డును చూశాడు. పడవలన్నీ ఆ బోర్డు ముందు నుంచే కదులుతాయి. తాను పెట్టిన భయం తానే తీయకపోతే నిషేధం ఆ చెక్క మీదే మిగిలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే భార్య వెంట షెడ్డుకు వెళ్లాడు. బల్లమీద ఒక చిన్న సొర. ఆమె అతని చేయి పట్టి దాని వీపున పెట్టింది.

“తోక వైపు నిమురు. ఇప్పుడు తల వైపు.”

అటు నున్నగా, ఇటు గరుకు కాగితంలా. కన్ను పిల్లి కన్నులా ఉంది. నోరు కింద ఎక్కడో, మూసుకుని. ఆమె పొట్ట కోసింది. లోపల వేళ్లంతేసి పిల్లలు.

“ఇవి పుట్టి పెరిగుంటే?” అన్నాడు.

“నా పలక నాకిచ్చెయ్యమనేదాన్ని.”

మామ బోర్డును చెక్క తేలేదాకా గీకాడు. వెండిరంగు, దాని మీద తెలుపు వేసి ఆ మాటే మళ్లీ రాశాడు. ఈసారి తన దారిన తాను పోతున్న సొరను వేశాడు, ఒక కన్ను మాత్రం మనవైపు.

“నోరేది బావా?” అన్నాడు బావమరిది.

“కిందుంది. వంగి చూడు.”

నిజంగానే వంగాడు. చాలాసేపు చూశాడు.

నిషేధం మొదలైన నెలలోనే ఒకరోజు బావమరిది వల భుజాన వేసుకొచ్చి మామ గడపలో పడేశాడు.

“నిన్నొకటి పడింది. బతికే ఉంది. కర్ర ఎత్తాను బావా. అచ్చం నీ బోర్డు మీది చూపే.”

“ఊఁ?”

“ఊఁ ఏంటి? వల కోసి వదిలేశా. ఈ కంత నీ వల్లే. నువ్వే కుట్టు.”

మామ డబ్బాలు పక్కకు జరిపి వలను పలక మీద పరిచాడు. కంత ఈ చివర నుంచి ఆ చివరకు, పలకంత పొడవుంది.