డివైడర్ వాల్వు ఆగిన ఉదయం

1963లో నేను గుడివాడ దగ్గర ఒక చక్కెర మిల్లులో ఫిట్టరుగా ఉండేవాణ్ణి. చెరుకు పిండే పెద్ద రోలర్ల బేరింగులకు అంతకుముందు మనుషులే తిరుగుతూ గ్రీజు పెట్టేవారు. ఆ ఏడు కొత్తగా డివైడర్ వాల్వు బిగించారు. పంపు నుంచి వచ్చే గ్రీజును కొలత ప్రకారం భాగాలు చేసి, సన్నటి రాగి గొట్టాల ద్వారా ఒక్కో బేరింగుకూ పంపే ఇనుప దిమ్మ అది. లోపల చిన్న పిస్టన్లుంటాయి. ముందున్నది తన వంతు గ్రీజు పంపాకే తర్వాతది కదులుతుంది. పని సాగుతున్నంతసేపూ బయట ఒక ఇండికేటర్ పిన్ను లోపలికీ బయటికీ ఆడుతూ ఉంటుంది.

చెరుకు ముమ్మరంగా వస్తున్న రోజుల్లో ఒక ఉదయం ఆ పిన్ను ఆగిపోయింది. ప్రెషర్ గేజి ముల్లు ఎర్రగీత దాటింది. అంటే ఎక్కడో ఒక బేరింగుకు గ్రీజు దారి మూసుకుపోయిందన్నమాట. ఇంజనీరు గారు మిల్లు ఆపించారు.

బయట రోడ్డు పొడవునా ఎడ్లబళ్ళు. కోసిన చెరుకు ఎండలో నిలబడితే బరువూ పోతుంది, రసమూ పోతుంది. ముదినేపల్లి వైపు రైతు రంగయ్య గారు గేటు దగ్గర సంగతి విని నేరుగా నా దగ్గరికే వచ్చారు.

"ఏవయ్యా సుందర్రావూ, ఒక్క బేరింగుకి అందకపోతే మిగతావాటికి పెట్టి నడిపేయొచ్చుగా?"

"కుదరదు బాబాయ్ గారూ. ఒక్కదాని దారి మూసుకుపోతే ఈ వాల్వు ఇంక దేనికీ ఇవ్వదు."

"అదేం న్యాయమయ్యా?"

"మిగతావాటికి ఇస్తూ పోతే ఆ ఒక్కటీ ఎండిపోతున్నట్టు మనకెలా తెలుస్తుందండీ? అది మాడి పట్టేసిందంటే షాఫ్టు పోతుంది. అప్పుడు మిల్లు వారాల తరబడి లేవదు."

"మా బోదె కాలవ కింద ఒకడి మడికి నీళ్ళెక్కకపోతే ఊరంతా పనాపి కదిలినట్టన్నమాట. కానీయ్, వెతుకు. బయటివాళ్ళకి నేను చెప్తాను" అని ఆయన వెళ్ళి, బళ్ళమీద చెరుక్కి తడిపిన గోనెలు కప్పించడం మొదలుపెట్టారు.

ఒక హెల్పరు పంపును చేత్తో మెల్లగా నడుపుతుంటే, నేను వాల్వు దగ్గర గొట్టాలను ఒక్కొక్కటే వదులు చేసి చూసి మళ్ళీ బిగిస్తూ వచ్చాను. మూసుకుపోయినది దొరికితే ఒత్తిడి విడిపోయి పిన్ను కదలాలి. వెనక రోలరు గొట్టం నట్టు తిప్పగానే గ్రీజు ఎగజిమ్మి నా చొక్కా నిండా పడింది. పిన్ను చటుక్కున కదిలింది! చొక్కా సంగతి మరిచిపోయి కేకేశాను.

ఆ గొట్టం వెంటే వెళ్ళి చూస్తే, గోడ మలుపులో దానికి వరసగా అన్నం క్యారియర్లు వేలాడుతున్నాయి. మిల్లు వేడికి అన్నం చల్లారదని అందరూ అక్కడ తగిలించడం మొదలుపెట్టారట. ఆ బరువుకు గొట్టం వంగి, మలుపులో నలిగి, దారి మూసుకుపోయింది.

"ఎవరివివి?" అని ఫోర్‌మన్ గద్దించాడు. ఇంజనీరు గారే ముందుకొచ్చి చివరి క్యారియరు తీసుకున్నారు.

"ఇది మా ఆవిడ పంపిందేనయ్యా. ఇవాళ దోసకాయ పప్పు."

మిల్లంతా ఘొల్లున నవ్వింది.

కొత్త గొట్టం వేసి, అందులో గాలి పోయేదాకా గ్రీజు నింపి, పంపు నడిపాం. పిన్ను ఆడింది. రోలర్లు తిరగగానే గేటు దగ్గర ఒకటే ఈలలు, కేకలు. రంగయ్య గారి బండి ముందుగా లోపలికి తెమ్మన్నాను. "వరస వరసేనయ్యా" అంటూ ఆయన వెనక్కి వెళ్ళి తన బండి దగ్గరే నిలబడ్డారు, నవ్వుతూ.

తర్వాత చాలా మిల్లులు చూశాను. యంత్రం ఆగగానే ఎలాగోలా తిప్పేద్దామనేవాళ్ళే ఎక్కువ. నాకు మాత్రం ఆ రోజు నుంచి ముందు ఒక్క ప్రశ్నే వస్తుంది: ఏ మూల ఏది ఆకలితో ఉందని ఇది ఆగింది?