తెల్లగోడలో పచ్చ

దయ్యాలు, భూతాలు అని ఎవరైనా మొదలుపెడితే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఏ ఇంట్లోనూ ఏదీ తిరగదు, ఎవరి మీదా ఏదీ పూనదు అనే నమ్ముతాను. ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. ఒళ్ళు మండి రాస్తున్నాను. మా అత్తమ్మకు మతి చెడిందని బయటివాళ్ళు కాదు, మా ఇంట్లోవాళ్ళే తీర్మానం చేశారు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించింది.

మాకు వరంగల్ బజారులో మ్యాచింగ్ సెంటర్ ఉంది. చీర తెస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, ఫాల్, లంగా గుడ్డ ఇస్తాం. దుకాణం పెట్టింది మామయ్యే గానీ నిలబెట్టింది అత్తమ్మ. గల్లాపెట్టె దగ్గర కూర్చునే, చీర అంచు ఒక్కసారి చూసి, ఏ అరలో ఏ గుడ్డ తీయాలో చెప్పేది. నేను పెళ్ళయి వచ్చేనాటికి నాకు ఎరుపంటే ఎరుపే. అందులో కుంకుమ వేరు, దానిమ్మ వేరు, మిరపపండు వేరని నేర్పింది ఆమే.

కిందటేడు కొత్తవాడలో అద్దె ఇల్లు ఖాళీ చేసి హనుమకొండలో ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. అప్పుడే అత్తమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయ్యింది. ముందు గది ఆమెకిచ్చాం. రెండు వైపులా కిటికీలు. గోడలు తెలుపు, పైకప్పు తెలుపు, తలుపులు తెలుపు, చివరికి కిటికీ ఊచలు కూడా తెలుపే. అమ్మినాయనకు ఆ తెలుపు మీద ఏం మోజో! ఎండ లోపలికి వచ్చిందంటే నాకే కళ్ళు చికిలించాల్సి వచ్చేది. ఇక ఆపరేషన్ అయిన మనిషి సంగతి చెప్పేదేముంది.

“ఈ అర్రల కండ్లు తెరువస్తలేదు బిడ్డా. జర ఏదన్న రంగేపియ్యున్రి” అంది అత్తమ్మ.

ఏ రంగు అంటే పచ్చ అంది. మా ఆయన ఆకుపచ్చ అనుకున్నాడు. మా మరిది పసుపుపచ్చ అనుకున్నాడు. మనకు రెండూ పచ్చే కదా మరి. పెయింటర్ యాదగిరి రెండూ తెచ్చి గోడ మీద ఒక్కోటి అరచేయంత పూసి చూపించాడు. అత్తమ్మ రెండూ కాదంది. లేచి వెళ్ళి, కిటికీ పక్కన ఏమీ పూయని తెల్లగోడ మీద వేలు పెట్టింది.

“గిది ఉన్నది గదా. గిదే ఎయ్యున్రి.”

అక్కడ ఏమీ లేదు. నేను దగ్గరికెళ్ళి చూశాను, దూరం నుంచి చూశాను. కిటికీ మూసి చూశాను, టార్చి వేసి చూశాను. చేత్తో తడిమాను. మరకా లేదు, నీడా లేదు. వట్టి తెలుపు. నా కళ్ళకు కనబడలేదని ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఇక మా మరిదికి దొరికింది సందు. “వదినా, అమ్మకు ఆకుపచ్చకు పసుపుపచ్చకు తేడా తెలుస్తలేదు. తెల్లగోడల రంగు కనబడతాందంటాంది. ఇంక గల్ల మీద కూసోబెడితే ఉన్న గిరాకి పోతది” అన్నాడు. అత్తమ్మ పక్కనే మంచం మీద కూర్చుని ఉంది. చెవులు బాగానే వినబడతాయి. మా ఆయన వంగి పెయింటు డబ్బాల మూతలు బిగించసాగాడు. కన్నకొడుకు అలా తప్పుకుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేనే ఆమెను కంటి దవాఖానకు తీసుకెళ్ళాను. ఆపరేషన్ బాగా అయ్యింది, చూపు బాగుంది అన్నారు. కొత్తలో రంగులు కొంచెం నిండుగా కనిపించవచ్చట గానీ, గోడ మీద ఒక్కచోటే లేని రంగు కనిపించదట. ఇంటికొచ్చి ఆ మాట చెబితే, కళ్ళు బాగుంటే తప్పు తలలో ఉన్నట్టే కదా అన్నాడు మా మరిది. మతిమరుపు డాక్టరుకు చూపించాలని అన్నదమ్ములిద్దరూ ఒక్కటయ్యారు. అప్పటిదాకా దుకాణానికి రావద్దన్నారు. ఆమె పెంచిన దుకాణానికి ఆమెనే రావద్దనడం! నేను ఆ రోజు అన్నం తినలేదు.

నాకొకటి తోచింది. దుకాణం నుంచి ఆకుపచ్చలు, పసుపుపచ్చలు, మధ్యరకాలు అన్నీ కలిపి ఒక కట్ట జాకెట్ గుడ్డలు తెచ్చి మంచం మీద పోశాను. గోడ మీద ఉన్న రంగేదో తీసివ్వమన్నాను. ఆమె గోడ వైపు చూసి, కట్టలో వెతికి ఒకటి తీసింది. పొట్టు పెసరపప్పు నానబెట్టి కడుగుతుంటే సగం పొట్టు పోయి ఒక రంగు వస్తుంది చూడండి, అటు ఆకుపచ్చా కాదు, ఇటు పసుపుపచ్చా కాదు, అది. మర్నాడు గుడ్డలు మార్చి, ఇంకా కొన్ని కలిపి మళ్ళీ పోశాను. మళ్ళీ అదే తీసింది.

“రోజు దుకాణంల జూసే గుడ్డనే గదనే” అని కొట్టిపారేశాడు మా ఆయన.

మా మరిది ఇంకో అడుగు ముందుకేశాడు. “అంత నమ్మకముంటే గోకి చూపెట్టున్రి” అని నవ్వాడు. ఆ నవ్వుకే నాకు ఒళ్ళు తెలియలేదు. యాదగిరిని పిలిచి అత్తమ్మ వేలు పెట్టిన చోటే గోకమన్నాను. ఏదో దొరుకుతుందని కాదు, కోపంతో. అతను ఇనుప రేకు తీసుకుని పై రంగు గీకాడు. దాని కింద ఇంకో పూత తెలుపు. దాని కింద లప్పం, అంటే గోడ నున్నగా రావడానికి పట్టించే తెల్ల పిండి. అది కూడా మందంగానే ఉంది. లప్పం పెళ్ళ ఊడగానే యాదగిరి చెయ్యి ఆపాడు.

“అక్కా, ఈడ ఎవలో శాంపిల్ ఏసిన్రు” అన్నాడు.

సిమెంటు మీద అరచేయంత రంగు. నేను అత్తమ్మ తీసిన గుడ్డ తెచ్చి ఆనించాను. ఇన్నేళ్ళుగా ఈ పని మీదే బతుకుతున్నదాన్ని, రవ్వంత తేడా ఉన్నా నా కన్ను పట్టుకుంటుంది. తేడా లేదు. మా ఆయన చూశాడు, మా మరిది చూశాడు. ఇద్దరూ తలలు దించుకుని బయటికెళ్ళారు.

ఇల్లు అమ్మినాయనకు ఫోన్ చేశాను. దగ్గరుండి కట్టించుకున్న ఇల్లది. పునాది నుంచీ తెలుపు తప్ప వేరే రంగు డబ్బా గడప దాటలేదని గట్టిగా చెప్పాడు. అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకేముంది? ఆ రంగు ఎవరు పూశారో తెలియదు. పూశారే అనుకుందాం, అంత లప్పం కింద ఉన్నది ఆమెకెలా కనబడింది? యాదగిరినడిగాను, కంటి డాక్టరునడిగాను, తెలిసిన లెక్చరర్ ఒకాయన్నీ అడిగాను. గుడ్డిగా తగిలి ఉంటుందని లెక్చరర్ అన్నాడు. అది సమాధానమా?

గది మొత్తం ఆ రంగే వేయించాం. ఎండ వచ్చినా ఇప్పుడు కళ్ళు లాగవు. మతిమరుపు డాక్టరు ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, అత్తమ్మ దుకాణానికి వస్తోంది. ఒక్కరైనా తప్పయిందమ్మా అన్నారా అంటే, అనలేదు. ఏమీ జరగనట్టే ఉన్నారు. కొనడానికి వచ్చినవాళ్ళు చీర పరిస్తే ఆమె ఇప్పుడు ముందుగా కొడుకుల మొహాలు చూస్తుంది, తర్వాతే రంగు చెబుతుంది.

మొన్న మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరమే ఉన్నాం. ఆమె పొయ్యి వెనక గోడ వైపు చాలాసేపు చూసింది. ఆ గోడ కూడా తెలుపే.

“ఈడ గూడ ఒకటున్నది బిడ్డా. నీలంది. పోరగాండ్లకు చెప్పకు, మల్ల పిచ్చిదంటరు” అంది మెల్లగా.

నేను పొయ్యి ఆపి, గోడ దగ్గరికెళ్ళి చూశాను. నాకైతే తెల్లగోడే కనబడింది. యాదగిరి నంబరు నా ఫోన్‌లోనే ఉంది, పిలిస్తే సాయంత్రానికల్లా వచ్చి గోకుతాడు.

పిలవలేదు. పిలవను కూడా. ఆమె ఉన్నదంది, నాకు అది చాలు.