నిమ్మకాయ, నా తీగ

రిటైర్మెంటుకు ఏడాది ముందు, కార్తీకంలో చలి మొదలైన రోజుల్లో, నన్ను గుండ్లపోచంపల్లికి ఒక పరీక్షకు పంపారు. అప్పుడు నేను కాలిబ్రేషన్ విభాగంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో తేల్చడం నా పని.

అక్కడి యాదగిరి ఫ్రిజ్ మెకానిక్. ఏడాదిగా దుకాణం మూసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత కంప్రెసర్లతో ఒక శీతల యంత్రం కట్టాడు. బాగా నొక్కిన వాయువును సన్నని గొట్టంలోంచి వదిలితే చల్లబడుతుంది. తిరిగి వెళ్తూ అది, లోపలికి వచ్చే వాయువును ముందే చల్లబరుస్తుంది. ఇలా తిరిగి తిరిగి మైనస్ నూట యాభై డిగ్రీలు దాటితే దాన్ని క్రయోజెనిక్ అంటాం. దాటిందని నేను సంతకం చేస్తే, శామీర్‌పేట పాడి రైతులు గేదెల వీర్యం నిల్వకు యంత్రాన్ని తీసుకుంటారు. లేకపోతే అది పాత ఇనుము.

మూడు గంటలు నడిపాం. నా థర్మోకపుల్, అంటే చలిని కొలిచే తీగల జత, మైనస్ నూట పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. యంత్రానికి దసరా ఆయుధపూజనాటి దారం, ఎండిన నిమ్మకాయ ఉన్నాయి. మూఢనమ్మకాల మీద వేదికలెక్కి వాదించినవాణ్ణి. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపించింది. దారం బిగుసుకుని, వేడి చొరబడకుండా యంత్రం చుట్టూ వేసిన థర్మోకోల్ నలిగిందనీ, వేడి అక్కడే దూరుతోందనీ ప్రకటించాను. చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను.

యాదగిరి దారం తెంపాడు. గంట చూశాం. అంకె కదలలేదు.

కంప్రెసర్లకు వైండింగు చేసే అతని భార్య సుగుణ టీ అందిస్తూ, "సారూ, నిమ్మకాయ బయటనే ఉండె. లోపలికి వోయింది మీ వైరొక్కటే. జర దానిమీద మంచు జూడుండ్రి," అంది.

"ఊకోయే, పెద్ద సారు," అన్నాడు యాదగిరి.

"పెద్ద సారు వైరుకు మంచు వట్టదా ఏంది?"

చూశాను. యంత్రం బయట జానెడు దూరం నా తీగ మీద మంచు పేరుకుంది. లావు తీగను నేరుగా గుచ్చింది నేనే. షెడ్డులోని వేడిని అదే లోపలికి మోస్తూ, కొలిచే కొసను వెచ్చబరుస్తోంది. తీగను ముందు చల్లని గొట్టానికి చుట్టి, అది మోసే వేడి అక్కడే దిగిపోయేలా చేయాలని కొత్తగా చేరినవాళ్లకు నేనే నేర్పేవాణ్ణి. సన్నని తీగను పది చుట్లు చుట్టి మళ్లీ నడిపాం. సాయంత్రానికి మైనస్ నూట యాభై ఎనిమిది.

సుగుణ తెగిన దారానికి ముడివేసి నిమ్మకాయను మళ్లీ కట్టింది. అంకె అప్పుడూ కదలలేదు.

రిపోర్టులో మొదటి కొలతను కొట్టేయలేదు. ఎదురుగా 'పరీక్షకుడి తప్పు' అని రాసి సంతకం పెట్టాను. నిమ్మకాయకు యంత్రాన్ని కాపాడే శక్తి లేదు. చెడగొట్టే శక్తీ లేదు. మొదటి మాట ఏళ్ల తరబడి ఇతరులకు చెప్పాను. రెండోది ఆ షెడ్డులో నేర్చుకున్నాను.