ఒకే చిరునామాలో ఎన్ని కాపురాలు

మా ఇంట్లో వంటకు సాయం వచ్చే ఆమె నిన్న పొద్దున కొంగుతో ముఖం తుడుచుకుంటూ, ఉచిత కరెంటు దరఖాస్తు మళ్ళీ తిప్పి పంపారని చెప్పింది. కొండాపూర్ పాత ఊళ్ళో ఆమె ఉండే ఇంట్లో మూడు పోర్షన్లు, మూడు కుటుంబాలు. "ఒక్క ఇంటి నంబర్ మీద ఒక్కరికే అంటున్రమ్మా, జర మీరొచ్చి మాట్లాడ్తరా" అంది. వస్తానన్నాను గానీ, అప్పటినుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. హాలుకూ బాల్కనీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఆ మాట నాకు కొత్త కాదు, ఒకప్పుడు నేనే చెప్పేదాన్ని.

పిల్లలు హైస్కూలుకొచ్చాక, మా వారి బదిలీతో విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చి మొదట ప్రగతి నగర్‌లో ఇల్లు తీసుకున్న కొత్తలో, హైటెక్ సిటీలోని ఒక కాల్ సెంటర్‌లో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. అమెరికాలో పేదవాళ్ళకు ఫోను బిల్లులో రాయితీ ఇస్తారు, దానికి ఎవరు అర్హులో ఎవరు కారో ఇక్కడ కూర్చుని చూడడం మా పని. మనకు సాయంత్రమయ్యేసరికి వాళ్ళకు తెల్లవారేది. ఆఫీసువాళ్ళు పెట్టిన ఇంగ్లీషు పేరొకటి తగిలించుకుని, గొంతు సవరించుకుని కూర్చునేవాళ్ళం.

ఒక సాయంత్రం ఒక పెద్దావిడ ఫోను చేసింది. ఇల్లు కాలిపోయి, చర్చివాళ్ళు నడిపే ఆశ్రయంలో ఉంటోందట. ఆపరేషన్‌కు ఎప్పుడు రావాలో ఆసుపత్రివాళ్ళు ఫోను చేసి చెబుతారు, ఆశ్రయంలో ఉన్నది అందరికీ కలిపి ఒకే ఫోను, అదీ ఎప్పుడూ ఖాళీ ఉండదు. నా కంప్యూటర్ మాత్రం ఆ చిరునామాలో ఇప్పటికే ఒకరికి రాయితీ ఇచ్చామని ఎర్రగా చూపిస్తోంది. కుదరదని చెప్పాను. ఆవిడ ఫోను పెట్టలేదు, ఏమీ అనలేదు, ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

మా టీమ్ లీడరు, సిద్దిపేట అబ్బాయి, వెనక నుంచి వచ్చి, "అక్కా, జర తొందరగ ముగించుండ్రి, లైన్ల మంది ఉన్నరు" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. "ఒకే కప్పు కింద పడుకున్నంత మాత్రాన ఒకే కుటుంబం ఎలా అవుతారండీ? మీ పై పోర్షన్‌వాళ్ళు మీ కుటుంబమేనా?" అని అడిగాను.

అతను వంగి తెర మీదున్నది చదివాడు. "గది నాక్కూడ తెల్వదక్కా. ఆమెను లైన్ మీదనే ఉంచుండ్రి, పైన అడిగొస్త" అని వెళ్ళాడు.

దానికి దారి ఉందని తిరిగొచ్చి చెప్పాడు. సంపాదన వేరు, తిండి ఖర్చు వేరు అని సంతకం పెట్టి పంపితే, ఒకే చిరునామాలో ఉన్నా వేరే కుటుంబంగానే లెక్కిస్తారట. మాకెవరూ చెప్పలేదంతే. ఆ కాగితం వెళ్ళి, సంతకమై తిరిగొచ్చేదాకా నా ప్రాణం కుదురుగా లేదు. పొద్దున ప్రగతి నగర్ చెరువు గట్టున నడుస్తూ మా వారు ఏదో చెబుతుంటే ఊ కొట్టేదాన్నే గానీ, మనసంతా ఆసుపత్రివాళ్ళు ఈలోపే ఫోను చేసి ఉంటారేమోనన్న దాని మీదే ఉండేది.

రాయితీ మంజూరైంది. కొన్నాళ్ళకు టీమ్ లీడరు ఒక కాల్ నాకు కలిపి, "మీ పేరే అడుగుతున్నదక్కా" అన్నాడు. ఆవిడే. సమస్యేమీ లేదట, కొత్త ఫోను వచ్చిందని, దాని నంబరు ఎవరికైనా చెప్పాలనిపించిందని, ఒక్కో అంకే నెమ్మదిగా చదివింది. ఆ నంబరు మా తెర మీద ఉండనే ఉంది. అయినా చివరిదాకా విన్నాను. ఆసుపత్రి నుంచి ఇంకా పిలుపు రాలేదంది. తర్వాత వచ్చిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ఆ పరిశీలనంతా యంత్రమే రెప్పపాటులో చేసేస్తోందని, నాతో పనిచేసిన ఒకావిడ ఆ మధ్య చెప్పింది. మనకన్నా తప్పులు తక్కువే చేస్తుందేమో, కాదనను. కానీ కుదరదని చెప్పాక అవతల మనిషి ఫోను పెట్టకుండా ఉండిపోతే, ఆ నిశ్శబ్దాన్ని భరించలేక లేచి నిలబడేవాళ్ళు ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరూ లేరు.