సరోజగారి బీరువాలో రెండో సెట్టు

ఈ మధ్యాహ్నం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గర నా రెండేళ్ల కష్టం వాననీళ్లలో పడింది. బస్తీల్లో ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లల బరువులు రాసుకున్నాను. వాటిని కంప్యూటర్ చదివే చిల్లుల కార్డుల మీదికి ఎక్కించి, పెట్టెలో పెట్టుకుని రిక్షాలో వెళ్తుంటే చక్రం గుంటలో దిగబడింది. పెట్టె జారి కార్డులన్నీ నానిపోయాయి. మళ్లీ చిల్లులు కొట్టించడానికి నెల పడుతుంది. ఈ వారంలో ఫలితాలు ఇవ్వకపోతే ఆ పిల్లలకు పాలకేంద్రం మంజూరు కాదు.

నాంపల్లిలో ఆ కార్డులు కొట్టిన సరోజగారి దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ నా చేతిలోని తడి ముద్దను చూసి, తాపీగా బీరువా తెరిచారు.

“ఫికర్ చెయ్యకున్రి మేడమ్. మొన్న శనివారం దాంక కొట్టినయన్నీ ఇంకో సెట్టు గీడ ఉన్నయి. తర్వాతయి ఇరవయ్యే. గవి జరసేపట్ల కొట్టి ఇస్త.”

“ఇంకో సెట్టు తీయమని ఎవరు చెప్పారండీ?”

“ఎవ్వలు చెప్పలే. ఒకసారి గీ మిషినే నాలుగు కార్డులు నమిలింది. గప్పటి సంది ప్రతి శనివారం నకలు తీస్తున్న.”

ప్రాణం లేచొచ్చి, ఆవిడ ఆ ఇరవై కూడా కొట్టి పెట్టెలో సర్దగానే చేయి చాచాను. ఆవిడ ఇవ్వలేదు! ముందు వీటికీ నకలు తీసి బీరువాలో పెట్టుకుంటానన్నారు. గంటసేపు కూర్చోబెట్టారు. ఎవరి కోసమూ ఇంత హాయిగా ఎదురుచూడలేదు నేను. మీరైతే ఆ గంట ఆగేవారా, పెట్టె లాక్కుని పరుగెత్తేవారా?