ఒక చెవి ఖాళీగా ఉంచమన్నాడు బావ

నిన్న సాయంత్రం ఆ కబురు నాకు ఇయర్‌బడ్స్‌లోనే వచ్చింది.

జగ్గయ్యపేట జిమ్ములో ట్రెడ్‌మిల్ దిగి చెమట తుడుచుకుంటున్నాను. పాట ఆగి ఫోన్ మోగింది. చూస్తే బావ నంబరు. ఎత్తితే ఎవరిదో గొంతు.

"బామ్మర్ది అని పేరుంటే చేసానండి. నేను బస్సు కండక్టర్ని. చిల్లకల్లు దాటాక ఈయన సీట్లో పక్కకి ఒరిగిపోయారండి. హాస్పిటల్‌కి తీసుకొచ్చాం. ప్రాణం లేదంటున్నారండి."

రెండు చెవుల్లోనూ అదే మాట. తీసేద్దామంటే చేతులు రాలేదు.

మురళి బావ లేడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. మా పద్మక్క భర్త. జగ్గయ్యపేటలో సైన్స్ మాస్టారు. ఇల్లు నందిగామలో. బడి అయ్యాక జిమ్ము, జిమ్ము అయ్యాక నందిగామ బస్సు. నేను ఎరువుల షాపు నుంచి వచ్చేసరికి ఆయన వార్మప్ అయిపోయి ఉండేవాడు.

మా జిమ్ములో ఎవరు ఇయర్‌ఫోన్స్ కొన్నా ముందు బావకి చూపించాల్సిందే. బాక్స్ మీద ఏం రాసుందో ఆయన చదివేవాడు కాదు. చెవిలో పెట్టి ఖాళీ నోరు నమలమనేవాడు. తల ఊపమనేవాడు. తర్వాత పది స్కిప్పింగ్‌లు. అప్పటికీ ఊడకపోతే "పాస్" అనేవాడు.

నావి పాస్ కాలేదు. ఒకసారి ఎడమది ఊడి ట్రెడ్‌మిల్ బెల్ట్ మీద పడి, ఎగిరి డంబెల్స్ స్టాండ్ కిందకి పోయింది. బావ నేలమీద బోర్లా పడుకుని, సంచిలోంచి బడి స్కేలు తీసి, దాంతో బయటికి లాగాడు.

"నీ ఎడమ చెవి కుడిదానికంటే చిన్నదిరా. రెండిటికీ ఒకటే సైజు రబ్బరు తగిలిస్తే ఊడక ఏం చేస్తది?"

ముప్పై ఏళ్లొచ్చాయి నాకు, నా చెవుల సంగతి ఆయన చెప్తే తెలిసింది. ఎడమకి చిన్నది, కుడికి మీడియం తనే మార్చాడు. చెమటతో డబ్బాలో పెట్టొద్దు, తుడిచి ఆరాక పెట్టు అని రోజూ ఒకటే సొద.

ఇంకో సొద కూడా ఉండేది. జిమ్ములో ఒక చెవి ఖాళీగా ఉంచమని.

ఒకసారి బట్టల షాపాయన బెంచ్ ప్రెస్ చేస్తూ బరువుల బార్ కింద ఇరుక్కుపోయాడు. అరుస్తున్నాడు. చుట్టూ నలుగురం ఉన్నాం, నలుగురికీ చెవుల్లో పాటలే. ఎక్కడో మూల ఉన్న బావ పరిగెత్తుకొచ్చి బార్ లేపాడు. ఆయనకి ఎప్పుడూ ఒకటే చెవిలో ఉండేది.

"పాటకి ఒక చెవి చాల్రా. రెండోది పక్కోడిది."

నాలుగు రోజులు అందరం విన్నాం. తర్వాత మామూలే.

ఈమధ్య కొన్న ఈ కొత్త ఇయర్‌బడ్స్‌లో బయటి శబ్దం వినిపించే మోడ్ ఉంటే, బావ దాన్ని ఆన్ చేసి ఇచ్చాడు. జిమ్ము స్పీకర్ల గోల భరించలేక నేనే ఆపేశాను. ఆయనకి చెప్పలేదు.

ఇంక నిన్నటి సంగతి.

నేను ట్రెడ్‌మిల్ మీద ఉన్నాను. బావ వచ్చి పక్కన నిలబడ్డాడు. ఏదో అన్నాడు. పెదాలు కదలడం చూశాను. వెళ్తున్నా అంటున్నాడనుకున్నాను. బొటనవేలు ఎత్తి చూపించాను. తలూపి, సంచి తీసుకుని వెళ్లిపోయాడు.

హాస్పిటల్ దగ్గర అక్క అడిగింది, "నీతో ఏమన్నా అన్నాడా?" అని.

"ఏం అనలేదక్కా. బానే ఉన్నాడు," అన్నాను. ఏదో అన్నాడు, నాకే వినపడలేదు అని చెప్పడానికి భయపడి అబద్ధం చెప్పాను.

ఇవాళ పొద్దున, బావని తీసుకెళ్లకముందు, అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"జిమ్ము మెట్ల మీద కూర్చుని నాకు ఫోన్ చేసాడ్రా. ఛాతీలో మంటగా ఉంది, గ్యాసేమో, ఎందుకైనా మంచిది బండి తీయరా హాస్పిటల్‌కి పోదామని నీ తమ్ముడితో అన్నా, వాడు సరేనన్నాడు, వాడికోసమే కూర్చున్నా అన్నాడు. పది నిమిషాలాగి మళ్లీ చేసాడు. వాడింకా దిగలేదు, బస్సొచ్చింది, ఎక్కేస్తున్నా అన్నాడు. నువ్వెందుకు రాలేదురా?"

నిన్న నన్ను అడిగేటప్పటికే అక్కకి అంతా తెలుసు. నేను విని కూడా పోలేదనుకుంటోంది.

"వినపడలేదక్కా. రెండు చెవుల్లోనూ పెట్టుకునున్నా."

అక్క ఏడవలేదు, తిట్టలేదు. "ఒకటి తీసి ఉంచమని నీకు ఎన్నిసార్లు చెప్పాడ్రా," అంది. బయటికి వెళ్లిపోయింది.

అప్పట్నుంచీ భయం పోవట్లేదు. ఎదుటివాళ్లు నోరు కదిపితే చాలు, ఏంటి, ఏంటి అని రెండుసార్లు అడుగుతున్నాను. స్నానం చేస్తూ నీళ్ల చప్పుడులో ఎవరో పిలిచినట్టుంటే కుళాయి కట్టేసి విన్నాను. ఎవరూ లేరు.

ఇందాక ఆ ఇయర్‌బడ్స్ పాట లేకుండా పెట్టుకుని చూశాను. బయట ఇంటినిండా జనం, ఒక్కళ్ల మాటా లోపలికి రాలేదు. నా గుండె కొట్టుకోవడం మాత్రం వినిపించింది. బావది ఆ మెట్ల మీద ఎలా కొట్టుకుందో అనిపించి భయమేసి తీసేశాను.

ఇంత చనువున్నవాడు మళ్లీ లోపలికొచ్చి భుజం మీద ఒక్కటి వేయొచ్చుగా, నాకు ఫోనన్నా చేయొచ్చుగా. చేయలేదు. నేను సరే అన్నానుగా మరి. నమ్మాడు.

రేపు అక్క మొహం ఎలా చూడాలో తెలియట్లేదు. చూడాలి. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇదే నిజం చెప్పాలి.

బావా, పది నిమిషాలు ఆ మెట్ల మీద నిన్ను కూర్చోబెట్టాను. ఇంక నాకోసం చూడకు. ఏ నొప్పీ లేకుండా, ప్రశాంతంగా వెళ్లు.